చెరకు మిల్లు హైడ్రాలిక్ పీడన వ్యవస్థ

చెరకు మిల్లు హైడ్రాలిక్ పీడన వ్యవస్థ అనగా చక్కెర కర్మాగారంలో చెరకును పిండే రోలర్లపై ఆయిలు పీడనం ద్వారా నిరంతరంగా బలాన్ని ప్రయోగించే యంత్రసామగ్రి. చెరకు మిల్లు కూడా ఒక విధమైన హైడ్రాలిక్ ప్రెస్సే. మామూలు ప్రెస్సు సరుకును ఒకచోట నిలిపి నొక్కుతుంది. చెరకు మిల్లు మాత్రం తిరుగుతూ, కదిలే సరుకును నొక్కుతుంది. చెరకు నుండి ఎంత రసం వస్తుంది, పిప్పిలో ఎంత చక్కెర మిగిలిపోతుంది, పిప్పి బాయిలరులో మండటానికి తగినంత పొడిగా ఉంటుందా అనే విషయాలు చాలావరకు ఈ వ్యవస్థ సర్దుబాటు పైననే ఆధారపడి ఉన్నవి.

నిజాంసాగర్ ప్రాంతంలో చక్కెర పరిశ్రమ

కామారెడ్డి జిల్లా (2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లా) బాన్సువాడ రెవెన్యూ డివిజనులోని నిజాంసాగర్ మండలంలో, అచ్చంపేట గ్రామం వద్ద మంజీరా నదిపై నిజాంసాగర్ ఆనకట్ట కలదు. 1923లో మొదలైన దీని నిర్మాణం 1931లో పూర్తయినది. నిర్మాణానికి నాటి హైదరాబాదు సంస్థానపు ప్రధాన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ సారథ్యం వహించాడు. కాలువ నీరు రావడంతో బాన్సువాడ, బోధన్ ప్రాంతాలలో వరితో పాటు చెరకు సాగు విస్తరించినది. ఆ చెరకును ఆధారం చేసుకొని 1937లో బోధన్ పట్టణపు శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడినది. ఒకప్పుడు ఇది ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరు పొందినది. 2002లో ఇందులోని 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు అప్పగించబడి, నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ అను పేరుతో నడిచినది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటనతో శక్కర్‌నగర్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు చోట్లా పని నిలిచిపోయినది. నిజాంసాగర్ మండలంలోనే మాగి వద్ద గాయత్రీ షుగర్స్ వారి చక్కెర కర్మాగారం ఉన్నది.

చక్కెర కర్మాగారం రాకముందు, ఆ తరువాత కూడా, పల్లెల్లో చెరకును ఎడ్లతో తిప్పే గానుగలో ఆడి బెల్లం వండేవారు. గానుగలో రోలర్ల మధ్య సందు స్థిరంగా ఉంటుంది. చెరకు గడలు ఎక్కువ పెడితే గానుగ పట్టేస్తుంది, తక్కువ పెడితే రసం సరిగా దిగదు. పెట్టే మనిషి చెయ్యే అక్కడ సర్దుబాటు యంత్రం. గంటకు వంద టన్నులు నడిచే మిల్లులో ఆ పనిని హైడ్రాలిక్ వ్యవస్థ చేస్తుంది.

మిల్లు నిర్మాణం

సాధారణ చెరకు మిల్లులో త్రికోణాకారంలో అమర్చిన మూడు రోలర్లు ఉంటాయి. పైన ఉండేది పై రోలరు (టాప్ రోలరు). క్రింద చెరకు ప్రవేశించు వైపు ఉండేది ఫీడ్ రోలరు, పిప్పి బయటకు వచ్చే వైపు ఉండేది డిశ్చార్జి రోలరు. క్రింది రెండు రోలర్ల మధ్యన ట్రాష్ ప్లేటు అనే వంపు పలక ఉంటుంది. ఫీడ్ రోలరును దాటిన పిప్పి క్రింద పడిపోకుండా డిశ్చార్జి రోలరు వరకు నడిపించడం దీని పని. రోలరు అనగా ఫోర్జింగు చేసిన ఉక్కు షాఫ్టుపై బిగించిన పోత ఇనుప తొడుగు. రసం జారిపోవటానికి, పిప్పిని పట్టి లాగటానికి తొడుగు చుట్టూ గాడులు ఉంటాయి. ఇటువంటి మిల్లులను నాలుగు నుండి ఆరు వరకు వరుసగా అమర్చుతారు. చివరి మిల్లుకు ముందు పిప్పిపై వేడినీరు చల్లి, మిగిలిన తీపిని కడిగి మళ్ళీ పిండుతారు.

క్రింది రెండు రోలర్ల బేరింగులు హెడ్‌స్టాకు అనే బలమైన చట్రంలో స్థిరంగా ఉంటాయి. పై రోలరు బేరింగులు మాత్రం చట్రంలోని గాడిలో పైకి, క్రిందికి జరగగలవు. వచ్చే చెరకు మందం ఒక్క క్షణం ఉన్నట్లు మరుక్షణం ఉండదు. మందంగా వచ్చినపుడు రోలరు పైకి లేచి దారి ఇవ్వాలి, పలుచబడినపుడు దిగి నొక్కాలి. లేచినా దిగినా నొక్కే బలం ఇంచుమించు ఒకేలా ఉండాలి. హైడ్రాలిక్ వ్యవస్థ అవసరమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

వ్యవస్థలోని భాగాలు

ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకు సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారం. ఈ సూత్రంతో పనిచేసే ప్రెస్సుకు ఇంగ్లాండులో జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందాడు. మిల్లులో పై రోలరుకు రెండు ప్రక్కలా, బేరింగుపైన ఒక్కొక్క సిలిండరు, అందులో పిస్టను (రామ్) ఉంటాయి. సిలిండరు, హెడ్‌స్టాకు మూతలో భాగంగానే ఉంటుంది. పంపు ద్వారా ఆయిలును సిలిండరులోకి ఎక్కించినచో పిస్టను బేరింగును క్రిందికి నొక్కుతుంది. పంపు ఎల్లవేళలా నడవదు. పీడనం ఎక్కించిన తరువాత వాల్వును మూసివేస్తారు. అటు పిమ్మట పీడనాన్ని నిలిపి ఉంచేది అక్యుములేటరు.

పాతకాలపు అక్యుములేటరులో నిలువు పిస్టనుపై పోత ఇనుప బిళ్ళలను పేర్చేవారు. రోలరు లేచినపుడు ఆయిలు వెళ్ళి బిళ్ళల బరువును పైకి ఎత్తేది, రోలరు దిగినపుడు బరువు ఆయిలును వెనక్కు నెట్టేది. పీడనం పెంచాలంటే బిళ్ళలు చేర్చాలి, తగ్గించాలంటే తీయాలి. పీడనం స్థిరంగా ఉండటంలో దీనికి సాటి లేదు గాని, టన్నుల బరువు ఒక్కసారిగా కదలలేదు కనుక రోలరు అదురుకు అది వెంటనే స్పందించేది కాదు. చోటు కూడా ఎక్కువ ఆక్రమించేది. తరువాత వచ్చిన నత్రజని అక్యుములేటరులో ఉక్కు సీసా లోపల రబ్బరు సంచి (బ్లాడరు) ఉంటుంది. సంచిలో నత్రజని వాయువు, సంచి వెలుపల ఆయిలు ఉంటాయి. వాయువు స్ప్రింగు వలె పనిచేస్తుంది. దీనిని సిలిండరుకు దగ్గరగా, ప్రతి ప్రక్కకు వేరువేరుగా అమర్చవచ్చు. అందువలన గేరు ప్రక్క, దానికి ఎదుటి ప్రక్క పీడనాలను వేరువేరుగా నిర్ణయించే వీలు కలిగినది.

బలం లెక్కించుట

ఉదాహరణకు పిస్టను వ్యాసం 300 మి.మీ. అనుకొందాం. దాని వైశాల్యం సుమారు 707 చదరపు సెం.మీ. ఆయిలు పీడనం 200 కి.గ్రా./చ.సెం.మీ. ఉన్నచో ఒక ప్రక్క బలం 1,41,400 కిలోలు, అనగా 141 టన్నులకు పైగా. రెండు ప్రక్కలా కలిపి దాదాపు 283 టన్నులు.

అయితే వేరువేరు పరిమాణాల మిల్లులను పోల్చడానికి మొత్తం బలం పనికిరాదు. పెద్ద రోలరుకు ఎక్కువ బలం కావలసి ఉంటుంది. అందుచేత రోలరు పొడవును, వ్యాసంలో పదోవంతుతో గుణించి, వచ్చిన వైశాల్యంతో మొత్తం బలాన్ని భాగిస్తారు. దీనిని విశిష్ట హైడ్రాలిక్ పీడనం అంటారు. 840 మి.మీ. వ్యాసం, 1680 మి.మీ. పొడవు గల రోలరుకు ఈ వైశాల్యం 14.1 చదరపు డెసిమీటర్లు. 283 టన్నులను దీనితో భాగించినచో చదరపు డెసిమీటరుకు 20 టన్నులు వస్తుంది. ఈ సంఖ్య 20 నుండి 30 మధ్య ఉండటం మామూలు. వరుసలో సాధారణంగా చివరి మిల్లుకు ఎక్కువ పీడనం ఇస్తారు, ఎందుకనగా బాయిలరుకు పోయే పిప్పి తేమను నిర్ణయించేది ఆ మిల్లే.

పీడనం పెంచిన కొలది రసం పెరుగుతుందనుకోవడం పొరపాటు. కొంతవరకు పెరుగుతుంది. ఆపైన పీడనంతో పాటు మిల్లును తిప్పటానికి కావలసిన శక్తి పెరుగుతుంది, బేరింగులు వేడెక్కుతాయి, షాఫ్టుపై ఒత్తిడి అధికమౌతుంది. రసం మాత్రం ఆ పాళంలో రాదు. నీరు చల్లే పద్ధతి, చెరకును ముక్కలు చేసి చీల్చే యంత్రాల పనితనం సరిగా లేనపుడు ఆ లోటును హైడ్రాలిక్ పీడనంతో పూడ్చబోవడం షాఫ్టు విరగటానికి దారితీయవచ్చు.

నత్రజని పీడనం

ఈ వ్యవస్థలో ఎక్కువమంది అశ్రద్ధ చేసేది, ఎక్కువ నష్టం కలిగించేది నత్రజని పీడనమే. దీనిని ఆయిలు పీడనం పూర్తిగా తీసివేసిన తరువాతనే కొలవాలి. ఆయిలు పీడనం ఉండగా కొలిచినచో రెండూ ఒకే అంకె చూపుతాయి, సంచిలో వాయువు ఎంత ఉన్నదీ తెలియదు.

దాని ప్రభావం ఒక లెక్కతో స్పష్టమౌతుంది. 20 లీటర్ల అక్యుములేటరులో నత్రజనిని 160 కి.గ్రా. పీడనానికి నింపి, ఆయిలును 200 కి.గ్రా. పీడనానికి ఎక్కించినారనుకొందాం. అప్పుడు బాయిల్ నియమం ప్రకారం వాయువు 16 లీటర్లకు కుదించుకొంటుంది. పై రోలరు 20 మి.మీ. లేచినచో, పైన చెప్పిన పిస్టను 1.4 లీటర్ల ఆయిలును అక్యుములేటరులోకి నెట్టుతుంది. వాయువు 14.6 లీటర్లకు తగ్గి, పీడనం సుమారు 219 అవుతుంది. అదే నత్రజని పీడనం 100 మాత్రమే ఉన్నచో వాయువు 10 లీటర్లకు కుదించుకొని ఉంటుంది. రోలరు అంతే లేచినా పీడనం 233 దాకా పోతుంది. వాయువు కారిపోయి 40కి చేరినచో వాయువు ఘనపరిమాణం 4 లీటర్లే. అదే 20 మి.మీ.కు పీడనం 300 దాటుతుంది. వేగంగా జరిగే కుదింపులో వాయువు వేడెక్కుతుంది కనుక వాస్తవ పీడనం ఇంకా ఎక్కువే ఉంటుంది.

మిల్లు ఆగి ఉన్నపుడు ఈ మూడు సందర్భాలలోనూ గేజి 200నే చూపుతుంది! తేడా అంతా మిల్లు నడిచేటపుడు గేజి ముల్లు ఊగడంలో తెలుస్తుంది. ముల్లు మెల్లగా కొద్దిగా కదులుతూ ఉన్నచో వాయువు సరిగా ఉన్నట్లు. ముల్లు పెద్దగా ఎగిరి పడుతున్నచో వాయువు తగ్గినట్లు, లేదా సంచి చిరిగినట్లు అనుమానించాలి. నత్రజని పీడనం మరీ ఎక్కువగా ఉండటం కూడా మంచిది కాదు. అది ఆయిలు పీడనాన్ని సమీపించినచో సంచి సీసా అంతా నిండిపోయి, అందులో ఆయిలే ఉండదు. రోలరు కొంచెం దిగగానే దానిని నొక్కేందుకు ఆయిలు రాక పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. సంచి అడుగు భాగం వాల్వుకు కొట్టుకొని చిరిగే ప్రమాదమూ కలదు.

ఉష్ణోగ్రత కూడా గమనించవలసి ఉన్నది. చలికాలంలో 15 డిగ్రీల వద్ద 160కి నింపిన వాయువు, వేసవి మొదట్లో 40 డిగ్రీలకు చేరేసరికి సుమారు 174 అవుతుంది. డిసెంబరులో సరిగా ఉన్న సర్దుబాటు ఏప్రిలులో అలాగే ఉండదు.

సర్దుబాటు

హైడ్రాలిక్ పీడనాన్ని రోలర్ల సందుతో కలిపి చూడాలి, విడిగా చూడరాదు. మిల్లు ఖాళీగా ఉన్నపుడు పై రోలరుకు, క్రింది రోలర్లకు మధ్య ఉంచే సందును మిల్ సెట్టింగు అంటారు. ఫీడు వైపు సందు, డిశ్చార్జి వైపు సందుకు సుమారు రెండింతలు ఉంటుంది. మిల్లు నడిచేటపుడు పై రోలరు కొన్ని మిల్లీమీటర్లు పైకి తేలి ఉండాలి. తేలకపోతే పై రోలరు బేరింగు క్రింద ఉన్న ఆధారంపై కూర్చొని ఉంటుంది. అప్పుడు పిస్టను బలం చెరకుపై కాక చట్రంపై పడుతుంది. గేజి 200 చూపుతున్నా చెరకు మాత్రం ఎడ్ల గానుగలో వలె స్థిరమైన సందులో నలుగుతున్నట్లే లెక్క.

రోలరు లేవకపోవటానికి కారణాలు మూడు. సందు మరీ ఎక్కువగా ఉంచడం ఒకటి, చెరకు తక్కువగా రావడం రెండవది. మూడవది మోసకారి. బేరింగు పెట్టె హెడ్‌స్టాకు గాడిలో ఇరుక్కుపోవడం. రసం, పిప్పి పొడి చేరి గట్టిపడినా, గాడి పలకలు అరిగి పెట్టె ఒరిగినా ఇలా జరుగుతుంది. రోలరు ఒకసారి లేచి పైననే చిక్కుకొన్నచో, పీడనం ఉండి కూడా చెరకు నలగకుండా పోతుంది. అందువలన ప్రతి ప్రక్కా రోలరు ఎత్తును చూపే సూచికను అమర్చి, గంటగంటకు ఆ అంకెను, గేజి పీడనాన్ని పక్కపక్కనే పుస్తకంలో వ్రాయడం మంచి కర్మాగారాలలో ఆనవాయితీ. ఎత్తు అంకె గంటల తరబడి కదలకుండా ఉన్నచో, మిల్లు బాగా నడుస్తున్నదని సంతోషించరాదు.

ఒక ప్రక్క ఎక్కువ, మరో ప్రక్క తక్కువ లేవడం కూడా సాధారణమే. గేర్ల పళ్ళ నుండి వచ్చే తోపుడు ఒక ప్రక్కనే పడటం, చెరకు పరుపు ఒకవైపు మందంగా ఉండటం దీనికి కారణాలు. ముందుగా చెరకు రెండు వైపులా సమంగా పరచుకొనేటట్లు చూచి, ఆ తరువాతనే పీడనాలను వేరువేరుగా మార్చాలి.

ట్రాష్ ప్లేటును మరీ ఎత్తుగా అమర్చినచో హైడ్రాలిక్ బలంలో చెప్పుకోదగ్గ భాగాన్ని అదే తినివేస్తుంది. పిప్పి దానిపై రాచుకొని శక్తి వృథా అవుతుంది, డిశ్చార్జి రోలరు వద్ద నొక్కుడు తగ్గుతుంది. మరీ క్రిందికి అమర్చినచో పిప్పి పేరుకొని మిల్లు పట్టేస్తుంది.

సీజను మొదట్లో పీడనాన్ని ఒకేసారి పూర్తిగా ఎక్కించరు. మొదట గొట్టాలలో, సిలిండర్లలో ఉన్న గాలిని తీసివేస్తారు. గాలి ఉన్నచో పీడనం ఎక్కినట్లే ఎక్కి పడిపోతుంది. తరువాత పూర్తి పీడనానికి ఎక్కించి, మిల్లును నడపకుండా కొన్ని గంటలు ఉంచి, గేజి పడిపోతున్నదేమో చూస్తారు. లీకు లేదని తేలిన పిమ్మట తక్కువ పీడనంతో చెరకు ఆడటం మొదలుపెట్టి, బేరింగుల వేడిని గమనిస్తూ కొద్దికొద్దిగా పెంచుతారు.

నిర్వహణ

తెలంగాణలో చెరకు ఆడే కాలం సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలలలో మొదలై మార్చి, ఏప్రిలు వరకు సాగుతుంది. పెద్ద మరమ్మతులన్నీ వానాకాలంలోనే చేసుకోవాలి. సీజను మధ్యలో ఒక మిల్లు సిలిండరు సీలు పోయినా వరుస మొత్తం ఆగవలసి వస్తుంది. కోసిన చెరకు బండ్లపై, ట్రాక్టర్లపై ఎండుతూ ఉంటుంది. ఎండే చెరకులో బరువూ తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. ఆ నష్టం మొదట రైతుది.

పిస్టను చుట్టూ ఆయిలు కారకుండా ఆపే సీలు పూర్వం తోలుతో చేసేవారు, ఇప్పుడు కృత్రిమ రబ్బరు, ప్లాస్టిక్ సీళ్ళు వాడుతున్నారు. సీలు అరగటానికి ముఖ్యకారణం పిస్టను ఉపరితలంపై గీతలు. ఆ గీతలకు కారణం ఆయిలులోని ధూళి. మిల్లు ఆవరణలో పిప్పి నలుసులు ఎల్లప్పుడూ ఎగురుతూనే ఉంటాయి. ఆయిలు డబ్బా మూత తీసి ఉంచడం, పిస్టనును నూలు పీచుతో తుడవడం వంటి చిన్న పనులే సీజను మధ్యలో సీలు పోవడానికి మూలం. తుడవటానికి పీచు రాలని గుడ్డనే వాడాలి. చెరకు రసం ఆమ్లగుణం కలది, నీటితో కలిసి సిలిండరు అంచులలో చేరినచో తుప్పు పట్టిస్తుంది. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని గుర్తించి మార్చివేయాలి.

ఆఫ్ సీజనులో సిలిండర్లను విప్పి, పిస్టను వ్యాసాన్ని, సిలిండరు లోపలి వ్యాసాన్ని పలుచోట్ల కొలుస్తారు. బేరింగు పెట్టె, గాడి పలకల మధ్య ఖాళీని సరిచూస్తారు. రోలరు గాడులను లేతుపై మళ్ళీ తీస్తారు. దీనివలన రోలరు వ్యాసం తగ్గుతుంది కనుక, ప్రతి సంవత్సరం సెట్టింగును క్రొత్తగా లెక్కించాలి. నిరుటి అంకెలను అలాగే వాడటం తగదు. ప్రెజరు గేజీలను ప్రామాణిక గేజితో సరిచూడటం ఖర్చులేని పని, అయినా తరచుగా మరచిపోయే పని కూడా అదే.

నష్టం లెక్క

రోజుకు 2500 టన్నుల చెరకు ఆడే కర్మాగారంలో సుమారు 30 శాతం, అనగా 750 టన్నుల పిప్పి వస్తుంది. పిప్పిలో చక్కెర 2 శాతం నుండి 2.5 శాతానికి పెరిగినచో రోజుకు 3.75 టన్నుల చక్కెర బాయిలరులో కాలిపోయినట్లే. ఇది చెరకు బరువులో 0.15 శాతం. ఇందులో కొంత ఎటూ మొలాసిస్‌లో పోయేదే అయినా, రికవరీ 0.1 శాతానికి పైగా తగ్గుతుంది. 2024-25 సీజనుకు కేంద్ర ప్రభుత్వం 10.25 శాతం రికవరీకి క్వింటాలు చెరకు ధర రూ. 340గా నిర్ణయించి, ప్రతి 0.1 శాతం హెచ్చుతగ్గుకు రూ. 3.32 చొప్పున మార్పు చేసినది. రికవరీ 9.5 శాతానికి లోబడినచో ఇక తగ్గింపు ఉండదు. అనగా ఆ సీజనులో ఆ పరిధిలో 0.1 శాతం తగ్గుదల టన్నుకు రూ. 33 తేడా తెచ్చినది. మిల్లు హైడ్రాలిక్ గేజిని రైతు ఎన్నడూ చూడకపోవచ్చు గాని, అతని చెరకు ధరలో దాని పాత్ర ఉన్నది.

భద్రత

పీడనం ఉన్న గొట్టపు నట్టును ఎట్టి పరిస్థితులలోనూ వదులు చేయరాదు. మిల్లు ఆగినంత మాత్రాన పీడనం పోదు, అక్యుములేటరులో అలాగే నిలిచి ఉంటుంది. రిలీజు వాల్వు తెరచి, గేజి సున్నాకు వచ్చిన తరువాత కూడా కొంతసేపు ఆగాలి. సన్నని రంధ్రం నుండి 200 కి.గ్రా. పీడనంతో వచ్చే ఆయిలు ధార కంటికి సరిగా కనబడదు. లీకును చేతితో తడిమి వెతికినచో ఆయిలు చర్మాన్ని చీల్చుకొని కండరంలోకి పోతుంది. గాయం పైకి చీమ కుట్టినట్లే కనిపించినా, వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలు, ఒక్కొక్కప్పుడు చెయ్యి తీసివేయవలసి రావచ్చు. లీకు వెతకటానికి అట్టముక్క వాడాలి.

అక్యుములేటరులో నత్రజని తప్ప మరే వాయువూ నింపరాదు. వెల్డింగు షాపులో చేతికందే ఆక్సిజన్ సిలిండరును పొరపాటున కలిపినచో, పీడనంలో ఉన్న ఆయిలు, ఆక్సిజన్ కలిసి విస్ఫోటనం జరుగుతుంది. సిలిండర్ల రంగులను నమ్ముకొనక, పేరు చదివి నిర్ధారించుకోవడం అవసరం.

నిలిపి ఉంచిన మిల్లులు

కర్మాగారం ఒకటి రెండు సీజన్లు ఆగిపోయినపుడు హైడ్రాలిక్ వ్యవస్థ మిగతా యంత్రాల కంటే ముందుగా చెడిపోతుంది. ఆయిలు తీసివేసిన సిలిండరు లోపల తేమ చేరి తుప్పు పడుతుంది. సీళ్ళు, అక్యుములేటరు సంచులు గట్టిపడి పగులుతాయి. బేరింగు పెట్టెలు గాడిలో అతుక్కుపోతాయి. అందువలన దీర్ఘకాలం ఆపవలసి వచ్చినచో పిస్టన్లను బయటకు తీసి గ్రీజు పూసి భద్రపరచడం, నత్రజనిని ఖాళీ చేయడం, గొట్టాల చివరలను మూసివేయడం, పై రోలరును ఎత్తి దిమ్మెలపై నిలపడం చేస్తారు. ఇవేవీ చేయకుండా సంవత్సరాల తరబడి మూతపడిన మిల్లును తిరిగి నడపాలంటే సీళ్ళు, సంచులు, గొట్టాలు అన్నీ క్రొత్తవి వేసి, సిలిండర్లను లోపల సానబెట్టి, పనిచేసే పీడనం కంటే హెచ్చు పీడనంతో పరీక్షించిన తరువాతనే చెరకు పెట్టవలసి ఉంటుంది.